మామగారి కట్టుడుపళ్ళు

కోడలి రోజు పరాయివాళ్ళ నోళ్ళతో మొదలవుతుంది. పళ్ళ డాక్టరు క్లినిక్కు వెనకవైపు మెట్లు దిగితే వచ్చే చిన్న గది ఆమె ల్యాబు. పొద్దున్నే వెళ్ళేసరికి బల్ల మీద ప్లాస్టర్ అచ్చులు వరసగా పెట్టి ఉంటాయి. పైదవడ, కిందదవడ, ఒక్కో జతకీ ఒక చీటీ. ఆమె ఏప్రన్ కట్టుకుని, మైనం కరగబెట్టి, ఆ బోసి అచ్చుల మీద చిగుళ్ళు పోసి, పన్ను తర్వాత పన్ను ఏరి నాటుతుంది. పన్ను రంగు ఎంచడం ఒక విద్య. అరవై దాటిన మనిషికి పాలలాంటి తెలుపు పెడితే నవ్వినప్పుడల్లా గదిలో లైటు వేసినట్టుంటుంది. కాస్త పసుపు కలవాలి, కాస్త అరుగుదల కనిపించాలి, ముందు పళ్ళలో ఒకటి వెంట్రుకవాసి పక్కకి ఒరగాలి. అప్పుడే ఆ నోరు ఆ మనిషిదిలా ఉంటుంది.

ఆమె కట్టిన పళ్ళకి ఒక గుణం ఉండేది. పెట్టుకున్న మనిషి గుట్టో, బొంకో, బయటపెట్టకూడని మాట బయటపెట్టబోతే బిగుసుకునేవి. పైవరసా కిందవరసా కరుచుకుని, ఆ మాట వచ్చిన దారిన వెనక్కి పోయేదాకా వదిలేవి కావు. ఈ సంగతి అందరికీ తెలుసు. కొత్త చెప్పులు మడమ దగ్గర కరుస్తాయని తెలిసినట్టే తెలుసు. డాక్టరు దీనికోసం ఎక్కువ తీసుకునేవాడూ కాదు, తగ్గించేవాడూ కాదు. ఇళ్ళ బ్రోకరొకాయన తన సెట్టు పట్టుకొచ్చి, "అమ్మా, కొంచెం వదులు చెయ్యండి, బేరాలన్నీ చెడిపోతున్నాయి" అని బతిమాలుకున్నాడు. ఆమె రెండు రుద్దులు రుద్ది ఇచ్చింది కానీ లాభం లేకపోయింది. ఇంకోసారి ఒక పెద్దావిడ చెమటలు కక్కుకుంటూ మెట్లు దిగొచ్చింది.

"మా ఆయనకొక సెట్టు కట్టిపెట్టమ్మా, ఎంతైనా సరే."

"ఆయనకి పళ్ళు లేవా అండీ?"

"ఉన్నాయి. పీకించేస్తాను."

ఇన్ని నోళ్ళు కట్టిన కోడలికి సొంత ఇంట్లో మామగారి నోరు మాత్రం అందలేదు.

మామ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పళ్ళ సెట్టు ఎప్పటిదో, ఎవరు కట్టిందో. మాట్లాడితే టకటకలాడేది. అయినా కోడలు కొత్తది కడతానంటే ఒప్పుకునేవాడు కాదు.

"నీ పళ్ళు నాకెందుకమ్మాయ్? దాపరికాలున్న వాళ్ళకి అవి. మన ఇంట్లో దాపరికాలున్నాయా?"

లేవు, నిజమే. ఆ ఇంట్లో అన్నిటికీ ఒకటే నంబరు. మామ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చొక్కాకి పెట్టుకున్న ఇత్తడి బిళ్ళ మీది నంబరది. వీధి తలుపు తాళానికి అదే, సూట్‌కేసుకి అదే, అందరి ఫోన్లకీ అదే, అందరి బ్యాంకు కార్డులకీ అదే. కోడలు పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఆమె జీతం పడే కార్డుకి కూడా భర్త దగ్గరుండి ఆ నంబరే పెట్టించాడు. "మా ఇంట్లో అంతే, గుర్తు పెట్టుకోనక్కర్లేదు" అన్నాడు, ఏదో కానుక ఇస్తున్నంత ముచ్చటగా. భోజనాల దగ్గర ఎవరైనా "నంబరేంటి?" అంటే నాలుగు గొంతులు ఒకేసారి చెప్పేవి. ఓసారి కుళాయి బాగుచేయడానికొచ్చిన మనిషికి మామ కార్డు చేతిలో పెట్టి, నంబరు చెప్పి, కావలసింది తీసుకోమన్నాడు. పాపం అతనే కంగారుపడి, సాక్ష్యానికి ఎదురింటాయన్ని వెంటబెట్టుకుని మరీ ఏటీఎంకి వెళ్ళాడు.

మామ దృష్టిలో నిజాయితీ అంటే అదే. ఆయన జీవితమంతా జనం ముందు నిలబడి "చూపించు" అన్నాడు. చూపించినవాడు మంచివాడు, జేబులు తడుముకున్నవాడు దొంగ. ప్రపంచంలో మూడో రకం మనిషి ఆయనకి తగల్లేదు.

అత్త కార్డు కూడా మామ చొక్కా జేబులోనే, పెన్ను వెనకాల ఉండేది. ఆవిడ మరిచిపోతుందని దాని వెనకవైపు నంబరు పెన్నుతో రాసిపెట్టాడు. అత్తకి మరుపు అనేదే లేదని ఇంట్లో ఆయనకి తప్ప అందరికీ తెలుసు. ఆవిడ పెద్దాసుపత్రిలో దుప్పట్ల గది చూసేది. ఏ వార్డుకి ఎన్ని దుప్పట్లు వెళ్ళాయి, ఎన్ని మరకలతో తిరిగొచ్చాయి, ఏ దిండు గలీబు అంచు ఊడిపోయింది, కళ్ళు మూసుకుని చెప్పగలిగేది. జీతం ఖాతాలో పడేది, ఖాతా కార్డులో ఉండేది, కార్డు జేబులో ఉండేది, జేబు మామకి ఉండేది. అత్తకి చీరకొంగు తప్ప జేబు లేదు. కావలసినప్పుడు అడిగేది. ఆయన ఇచ్చేవాడు. ఎప్పుడూ కాదనలేదు. ఎందుకని మాత్రం ప్రతిసారీ అడిగాడు.

ఈ మధ్యే అత్త కూడా రిటైరయింది. ఆసుపత్రివాళ్ళు ఆఖర్న ఇచ్చిన మొత్తం ఒక్కసారిగా ఖాతాలో పడింది. దానితో పాటే ఆవిడకొక కోరిక కూడా పుట్టింది.

దుప్పట్ల గదిలో ఆవిడతో పాటు పనిచేసిన మనిషొకావిడ ఉంది. ద్వారబంధం కింద తల వంచి నడిచేంత ఎత్తు, అందుకని అందరూ పొడుగమ్మ అంటారు. వీళ్ళ వీధి చివర లాండ్రీ నడిపే ముసలాయన కొట్టు వదిలేస్తున్నాడనీ, మిషన్లతో సహా అద్దెకిస్తాడనీ కబురు తెచ్చింది పొడుగమ్మే.

"మనం ఉతకని బట్టా అక్కా? నెత్తురు మరక వదిలించినవాళ్ళం, కాఫీ మరకకి భయపడతామా?"

అత్త ఆ సాయంత్రమే వెళ్ళి కొట్టు చూసొచ్చింది. మిషన్ తలుపు రబ్బరు వేలితో నొక్కి చూసింది. ఇస్త్రీ బల్ల ఎత్తు సరిపోతుందో లేదో మోచెయ్యి పెట్టి కొలుచుకుంది. ఇంటికొచ్చి మామకి చెప్పింది. మామ "చూద్దాం" అన్నాడు. మర్నాడు అడిగితే "చూద్దాం" అన్నాడు. ఆయన కాదన్నా ఏదో ఒకటి తేలేది. ఆ చూద్దాం అన్నది తలుపు కాదు, గోడా కాదు. దానికి ఎదురుగా ఎంతసేపు నిలబడ్డా తలుపు తట్టడానికి చోటు దొరకదు. శుక్రవారం సాయంత్రంలోగా అడ్వాన్సు అందకపోతే తమ్ముడి కొడుకుకి ఇచ్చేస్తానని ముసలాయన కబురు పెట్టాడు. అత్త ఆ మాట మామతో ఒక్కసారే చెప్పింది. తర్వాత గుడ్డతో పొయ్యి గట్టు తుడుస్తూ ఉండిపోయింది. శుభ్రంగా ఉన్న గట్టునే మళ్ళీ మళ్ళీ తుడవడం కోడలు చూసింది.

సరిగ్గా ఆ వారంలోనే మామ ఒక గట్టి బిస్కట్టు కొరికి పాత సెట్టు రెండు ముక్కలు చేసుకున్నాడు.

రెండు రోజులు పార్కుకి వెళ్ళలేదు. అక్కడ బెంచీ మీద కూర్చునే స్నేహితులకి బోసినోటితో కనిపించడం ఆయనకి చచ్చేంత చిన్నతనం. మూడో రోజు తనే కోడలి గది ముందు అటూ ఇటూ తచ్చాడాడు.

"నువ్వు కడితే తొందరగా అవుతుందటగా" అన్నాడు, పెదాలు లోపలికి పోతుంటే చేత్తో అడ్డం పెట్టుకుని.

"అవుతుంది మామయ్యా."

"వేరేవాళ్ళ చేత కట్టిస్తే?"

"పదిహేను రోజులు. పైగా వాళ్ళు వాడే మైనం మంచిది కాదు."

"సర్లే, కట్టు. నాకు దాచేదేముంది గనక."

కోడలు ఆ సెట్టు మీద పెట్టినంత మనసు దేని మీదా పెట్టలేదు. ప్రేమో, పనితనమో, రెంటికీ మధ్య ఏదో. గురువారం పొద్దున్న ల్యాబులో ఆయన నోట పెట్టి ఇంటికి పంపింది. మధ్యాహ్నం నీలిరంగు కాగితం ముక్క పట్టుకుని ఇంటికొచ్చింది. అది కొరికిస్తే ఏ పన్ను ఎక్కడ ఎక్కువ తగులుతోందో మరక పడి తెలుస్తుంది. మామ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, అద్దంలో కొత్త నవ్వు చూసుకుంటున్నాడు. అత్త వంటింట్లో కూరగాయలు తరుగుతోంది.

అప్పుడు మామ ఫోను మోగింది. ఆయనకి ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడటం అలవాటు. దాపరికం లేని ఇల్లు కదా.

"నమస్కారం సార్. బ్యాంకు ప్రధాన కార్యాలయం నుంచి. మీ శ్రీమతిగారి కార్డు ఈ సాయంత్రంతో ఆగిపోతుంది సార్. తనిఖీ పూర్తి కాలేదు."

తనిఖీ అన్న మాట చెవిన పడగానే మామ వీపు నిటారయింది.

"అయ్యో, చెయ్యండి బాబూ. మేం దేనికీ అడ్డం చెప్పేవాళ్ళం కాదు. నేను కూడా ఆ ఉద్యోగం చేసినవాణ్ణే."

"మీలాంటివాళ్ళు దొరకడం మా అదృష్టం సార్. కార్డు చేతిలో ఉందా?"

"ఎప్పుడూ జేబులోనే."

కోడలు నీలికాగితం పక్కన పెట్టి, "మామయ్యా, పెట్టెయ్యండి" అంది. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. అధికారులు మాట్లాడుకుంటుంటే మధ్యలో ప్రయాణికులు కలగజేసుకుంటారా? కార్డు ముందువైపు అంకెలన్నీ, బస్సులో టికెట్టు నంబరు చదివినంత గబగబా, ఖంగుమనే గొంతుతో చదివేశాడు. కొత్త పళ్ళు ఇంకా నోటికి అలవాటు పడలేదేమో, ఒకటి రెండు చోట్ల పట్టినట్టు పట్టి జారిపోయాయి. వెనకవైపు మూడంకెలు కూడా అయిపోయాయి. కోడలు ఫోను అందుకోబోయింది. మామ కుర్చీతో సహా అటు తిరిగిపోయాడు.

"భేష్ సార్. ఇప్పుడు మీ ఫోనుకొక నంబరొస్తుంది. అది చదివేస్తే అయిపోతుంది."

నంబరు వచ్చింది. మామ కళ్ళజోడు సర్దుకున్నాడు, నోరు తెరిచాడు.

టక్.

పళ్ళు బిగుసుకున్నాయి.

ఆయన మళ్ళీ ప్రయత్నించాడు. దవడ కండలు ఉబ్బాయి, మెడ నరం తేలింది, ముక్కులోంచి "మ్మ్" అని ఒక శబ్దం వచ్చింది. చూపుడువేలు నోట్లో పెట్టి సెట్టు పీకబోయాడు. అది కదిలితేనా? తన ఫిట్టింగు ఇంత బాగా కుదిరినందుకు కోడలికి ఆ కంగారులోనూ కాస్త గర్వం కలిగింది.

"సార్? సార్, టైమైపోతోంది. చదవండి సార్."

మామ కుర్చీలోంచి లేచి, వంటింటి వైపు చూసి చెయ్యి ఊపాడు. అత్త తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆయన ఫోను ఆవిడ చేతిలో కుక్కి, తెర మీది నంబరు వేలితో చూపించి, చదవమని కనుబొమలతో గద్దించాడు. ఆయన వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టిన మనిషి ఆవిడ. కోడలు "అత్తయ్యా, చదవకండి" అంది. అత్త కోడలి వైపు చూడలేదు. మొగుడి వైపూ చూడలేదు. ఫోను దూరంగా పట్టుకుని, తలుపు వెలుగులోకి తిప్పి, మామ ఎప్పుడూ చదవని భాగం, అంటే నంబరు కింద ఉన్నదంతా, నింపాదిగా చదువుకుంది.

"బాబూ" అంది చివరికి. "ఇక్కడ రాసుంది. ఈ నంబరు ఎవరికీ చెప్పొద్దట. బ్యాంకువాళ్ళు ఎప్పుడూ అడగరట. మరి మీరు అడుగుతున్నారు. ఇద్దర్లో ఎవరు బ్యాంకు?"

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"అది మామూలుగా రాస్తాం మేడమ్. మీకు అర్థం కాదు. సార్‌కివ్వండి."

"సార్ మాట్లాడే స్థితిలో లేరు."

"ఏమైంది?"

"పళ్ళు."

"ఇంట్లో మగవాళ్ళు ఇంకెవరూ లేరా అమ్మా?"

"ఉన్నవాళ్ళకే నోరు పెగలడం లేదు. ఇంకొకరెందుకు?" అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. కోడలు వచ్చినప్పటి నుంచీ, ఆ గదిలో మామ నిలబడి ఉండగా అత్త కూర్చోవడం అదే మొదటిసారి. "నేను దుప్పట్ల గదిలో పనిచేశాను బాబూ. పెద్ద డాక్టరు పంపాడంటూ రోజుకి పదిమంది వచ్చేవాళ్ళు. అర్జెంటు అనేవాళ్ళు. పేషెంటు చచ్చిపోతాడనేవాళ్ళు. చీటీ చేతిలో పెట్టందే గలీబు కూడా ఇవ్వలేదు నేను. గొంతు విని దుప్పటిచ్చిన రోజు లేదు. నీకెందుకిస్తాను?"

"కార్డు ఆపేస్తాం! డబ్బంతా పోతుంది, తర్వాత ఏడ్చి లాభం లేదు!"

"నీకెందుకు నాయనా శ్రమ? నేనే ఆపిస్తాను."

అవతలివాడు అప్పుడు ఒక మాట అన్నాడు. మర్యాదంతా ఊడి కిందపడ్డ మాట. అత్త దాన్ని వార్డునించి వచ్చిన మురికి గుడ్డని చూసినట్టు చూసి, ఫోను పెట్టేసింది. తర్వాత మొగుడి ఎదురుగా నిలబడి, చెయ్యి చాచి, ఆయన చొక్కా జేబులోంచి కార్డు తీసుకుంది. మామ జేబు మీద చెయ్యి వేసుకోబోయి, ఎందుకో ఆగిపోయాడు.

కార్డు వెనకాల, సన్నటి అక్షరాల్లో, కార్డు పోతే ఫోను చెయ్యవలసిన నంబరు ఉంది. మామ రాసిన ఇత్తడి బిళ్ళ నంబరు దాని మీదికి ఎక్కి కూర్చుంది. అత్త వేలు తడిచేసి సిరా తుడిచి, కింది అంకెలు కోడలి చేత చదివించుకుని, తనే నొక్కింది. చాలాసేపు పాట వినిపించింది. చివరికి ఒకమ్మాయి పలికింది. కార్డు ఆగిపోయింది. డబ్బు ఎక్కడిదక్కడే ఉంది.

"బ్యాంకు ఇంకా తెరిచే ఉంటుంది. చెప్పులు వేసుకో అమ్మాయ్" అంది అత్త. మామకేమీ చెప్పలేదు. ఆయన కూడా చెప్పులు వేసుకుని వెనకాల వచ్చాడు. దారిలో పార్కు బెంచీ మీంచి స్నేహితులు పలకరించారు. ఆయన తల మాత్రం ఊపాడు.

"ఏంటి గురువుగారు, కొత్త పళ్ళా?"

"మ్మ్."

"మీ కోడలు కట్టినవేనా?"

"మ్మ్."

"అదీ సంగతి" అన్నారు వాళ్ళు, ఇంకేమీ అడక్కుండా.

బ్యాంకులో జనం పలచగా ఉన్నారు. కౌంటరు వెనకున్న మనిషి ముగ్గురినీ చూశాడు. అత్త చేతిలో కార్డూ కాగితాలూ చూశాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాడు. విని, పెన్ను తీసి, మామ వైపు తిరిగాడు. లోకమంతా అలాగే తిరుగుతుంది కాబట్టి అతన్నని లాభం లేదు.

"ఖాతా ఎవరిది సార్?"

అత్త జవాబు చెప్పలేదు. అడిగింది తనని కాదు కదా. కోడలికి నోటిదాకా వచ్చింది కానీ, అత్త చెయ్యి తన మణికట్టు మీద పడటంతో ఆగింది.

మామ గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ళుగా బ్యాంకులో ఆ ప్రశ్నకి ఆయన చెప్పే జవాబొకటుంది. "మాది" అనబోయాడు. పళ్ళు కదల్లేదు. పెదాలు మాత్రం విడిపోయి మూసుకున్నాయి. కౌంటరు మనిషి ఓపిగ్గా చూస్తున్నాడు. మామ ఈసారి ఛాతీ నిండా గాలి పీల్చుకుని, "నాదే" అన్న మాటని లోపలినించి నెట్టాడు. పళ్ళు ఇంకా గట్టిగా కరుచుకున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. ఆయన గోడ వైపు చూశాడు, ఫ్యాను వైపు చూశాడు. చూడ్డానికి ఇంకేమీ మిగలక, భార్య వైపు చూశాడు.

అత్త కోపంగా లేదు. ఎదురుచూస్తోంది, అంతే. ఆసుపత్రి కిటికీ వెనక చీటీ కోసం ఎదురుచూసినట్టు.

"ఆవిడది" అన్నాడు మామ.

ఆ మాట నూనె వేసిన తలుపులా తెరుచుకుని బయటికొచ్చింది. ఆయనే ఉలిక్కిపడి దవడ తడుముకున్నాడు.

"అయితే అమ్మగారే ఇటు రండి" అన్నాడు కౌంటరు మనిషి.

తర్వాతదంతా తొందరగా అయిపోయింది. నంబర్లు మామ ఫోనుకి కాకుండా అత్త ఫోనుకే వచ్చేలా మార్చారు. కొత్త కార్డు అక్కడే ఇచ్చారు. "నంబరు మీరే పెట్టుకోవాలమ్మా. పుట్టినరోజులూ, బండి నంబర్లూ పెట్టకండి. కార్డు మీద రాయకండి. నేనడిగినా చెప్పకండి" అన్నాడతను. అత్త మూలనున్న కార్డు మిషన్ ముందు నిలబడి, ఎడమచేతిని గూడులా వంచి, కుడిచేత్తో నొక్కింది. ఏం నొక్కిందో ఈ కథకి కూడా తెలీదు.

అలవాటు కొద్దీ మామ పక్కకి వంగాడు. అత్త నొక్కడం ఆపింది.

"అదేంటే, ఇంత కాపురం చేశాక నాకు తెలీని నంబరా?"

"ఇంత కాపురం చేశాక నాకంటూ ఒక్క నంబరైనా ఉండొద్దా అండీ?"

ఆయన దవడ తడుముకున్నాడు. ఈసారి పళ్ళ తప్పేం లేదు. రెండడుగులు వెనక్కి వేసి, గోడ మీది వడ్డీల పట్టిక చదువుతున్నట్టు నిలబడ్డాడు. అత్త తిరిగి కౌంటరు దగ్గరికి వెళ్ళి, కొట్టు ముసలాయన ఖాతా వివరాలు జాకెట్టులోంచి తీసింది. శుక్రవారం దాకా ఎందుకని, అడ్వాన్సు అప్పటికప్పుడే పంపించేసింది. మామ నోరు "చూ" అన్న ఆకారంలోకి వెళ్ళి, అక్కడే కాసేపు ఆలోచించి, మామూలుగా మూసుకుంది.

బయటికొచ్చాక కోడలు, "మీరు నడుస్తూ ఉండండి అత్తయ్యా, ఇప్పుడే వస్తాను" అని ఏటీఎంలోకి వెళ్ళింది. తలుపు వేసుకుని, తన కార్డు పెట్టి, ఇత్తడి బిళ్ళ నంబరు ఆఖరిసారి నొక్కి, దాన్ని తీసి పారేసింది. కొత్త నంబరు ఎంచుకోవడానికి చాలాసేపు పట్టింది. ఇన్నాళ్ళూ తనకి గుర్తున్నవన్నీ ఇంకొకరి తేదీలేనని అప్పుడు తెలిసింది. చివరికి దొరికింది. నొక్కినప్పుడు నవ్వొచ్చింది.

రెండు రోజుల తర్వాత, రాత్రి పడుకోబోతూ భర్త అడిగాడు.

"నీ కార్డు పనిచెయ్యట్లేదేంటి? నంబరు తప్పంటోంది."

"నా కార్డుతో నీకేం పని పడింది?"

"పెట్రోలు కొట్టిద్దామని. అడిగేదేముంది, మన ఇంట్లో..." అని మొదలుపెట్టాడు.

"అడగాలి" అంది కోడలు. "అడిగితే ఇస్తాను. పెట్రోలుకీ ఇస్తాను, కావాలంటే చొక్కాకీ ఇస్తాను. నేనొచ్చి నొక్కుతాను. నంబరు మాత్రం అడక్కు."

"నా మీద నమ్మకం లేదా?"

"ఉంది కాబట్టే పక్క మీద ఇంత దగ్గరగా పడుకుంటున్నాను. నంబరు వేరు, నువ్వు వేరు."

అతను మూతి ముడుచుకుని, దుప్పటి తనవైపు లాక్కుని, కాసేపటికి మళ్ళీ సగం ఇటు వదిలాడు. ఆ దుప్పటి సంగతి అక్కడితో సర్దుబాటయింది.

లాండ్రీ ఇప్పుడు బాగా నడుస్తోంది. పొడుగమ్మ చేయి ఎత్తితే చాలు పై అరలు అందుతాయి, నిచ్చెన అమ్మేశారు. మామ మధ్యాహ్నాలు వచ్చి దుప్పట్లు మడతపెడతాడు. మొదట్లో మూలలు కలిసేవి కావు. పొడుగమ్మ "ఏం బావగారూ, ఇది మడతా, ముడతా?" అని విప్పేసి మళ్ళీ చేయించేది. ఇప్పుడు కలుస్తున్నాయి. మాటలు తగ్గాయని కాదు. పార్కు కబుర్లన్నీ కొట్లోనే చెబుతాడు. మధ్యమధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి, దవడ రుద్దుకుని, "సరే, అది మన సంగతి కాదులే" అని ఇంకో కబురు ఎత్తుకుంటాడు. వినేవాళ్ళు కూడా సరే అనుకుంటారు.

ఒక శనివారం కోడలు తన ఏప్రన్లు తీసుకుపోదామని కొట్టుకి వెళ్ళింది. గల్లా దగ్గర అత్త కూర్చుని ఉంది. కొత్త జాకెట్టుకి పక్కన జేబు కుట్టించుకుంది. ఒకావిడ కార్డు ఇచ్చి, "నంబరు చెప్తాను, మీరే కొట్టెయ్యండి" అంటోంది. అత్త కార్డు మిషన్ ఆవిడ వైపు తిప్పి, తను గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆవిడ అంకెల కోసం ఎంతసేపు వెతుక్కున్నా అత్త వెనక్కి తిరగలేదు.

ఆవిడ వెళ్ళాక, మంచి చొక్కా వేసుకున్న ఒకాయన పెద్ద మూట విడిపించుకోవడానికి వచ్చాడు. పరుపు గలీబులు, కర్టెన్లు, ఆడవాళ్ళ చీరలు. జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. అత్త దాని మీద పేరు చదివి, ఆయన మొహంలోకి చూసింది.

"ఇది మీదేనా?"

"మా ఆవిడది. ఏదైతేనేం, నంబరు నాకు తెలుసుగా."

"ఆవిడనే రమ్మనండి."

"తనకి ఈ మిషన్లు నొక్కడం రాదండీ. అన్నీ నేనే చూసుకుంటాను."

మామ మడతపెడుతున్న దుప్పటి మీంచి తలెత్తాడు. ఆయన ఏదైనా అంటాడేమోనని కోడలు చూసింది. ఆయన మూటని బల్ల మీంచి మెల్లగా ఇవతలికి జరిపాడు.

అత్త కార్డు రెండు వేళ్ళతో పట్టుకుని, ఆయనకి తిరిగిచ్చింది.

"వచ్చేస్తుందిలెండి. నేను కాసేపు గోడ వైపు తిరిగి కూర్చుంటే చాలు, ఎవరికైనా వచ్చేస్తుంది. బట్టలెక్కడికీ పోవు, వెళ్ళి ఆవిడని తీసుకురండి."

ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి, దాని మీది పేరు చదివాడు. తర్వాత ఫోను తీసి, "ఏమోయ్" అన్నాడు, కొంచెం తగ్గిన గొంతుతో. "ఒకసారి ఇలా రాగలవా? నీ కార్డుంది ఇక్కడ."

పొడుగమ్మ గోడ దగ్గరున్న స్టూలు తుడిచి, వచ్చే ఆవిడ కోసం ఇస్త్రీ వేడి తగలని చోట వేసింది.